ఫొటో పడే తీరం ఎక్కడుంది?

"వైజాగ్ చుట్టుపక్కల ఫొటోలకి మంచి బీచ్ ఏది?" అని ఎవరడిగినా నేను ముందు తిరిగి అడిగేది ఒక్కటే. ఏ నెలలో వెళ్తున్నారు, ఏ టైమ్‌కి అక్కడ ఉంటారు? అడిగినవాళ్లకి ఇది జవాబు ఎగ్గొట్టినట్టు అనిపిస్తుందని తెలుసు. కానీ ఆ రెండూ తెలియకుండా బీచ్ పేరు చెప్పడం నాకు సాధ్యం కాదు, ఎందుకంటే ఒకే తీరం డిసెంబరు ఉదయం ఒకలా, జూన్ ఉదయం ఇంకోలా, అదే రోజు పోటు వచ్చాక మరోలా ఉంటుంది. ఇంటర్నెట్‌లో దొరికే "టాప్ 10 బీచ్‌లు" జాబితాలు చూసుకుని హైదరాబాద్ నుంచి రాత్రంతా ప్రయాణం చేసి వచ్చి, ఖాళీ ఇసుక ఫొటోలు పట్టుకుని వెళ్లినవాళ్లని చాలామందిని చూశాను. తప్పు వాళ్లది కాదు. ఆ జాబితాలు రాసినవి ఈత కొట్టేవాళ్ల కోసం, పిల్లలతో వచ్చేవాళ్ల కోసం. కెమెరాకి కావలసింది వేరు.

ఋషికొండనే తీసుకోండి. 2020లో బ్లూ ఫ్లాగ్ (శుభ్రంగా, భద్రంగా ఉండే బీచ్‌లకి ఇచ్చే అంతర్జాతీయ గుర్తింపు) వచ్చిన బీచ్, ఇంటిల్లిపాదీ వెళ్లి ఒక పూట గడపడానికి బాగుంటుంది. కానీ ట్రైపాడ్ నిలబెట్టి వ్యూఫైండర్‌లోంచి చూస్తే చాలాచోట్ల కింద ఇసుక, మధ్యలో నీళ్లు, పైన ఆకాశం, మూడు అడ్డ పట్టీలు కనిపిస్తాయి, అంతే. కన్ను ఆగే చోటు ఉండదు. అక్కడి నుంచి భీమిలి వైపు ఇంకాస్త ముందుకి పోతే తొట్లకొండ ఎదురుగా మంగమారిపేట వస్తుంది. కుర్చీలూ గొడుగులూ ఏమీ లేవు, చేపలు ఎండబెట్టిన వాసన, ఒడ్డున వలల కుప్పలు. కానీ సముద్రం తొలిచి తొలిచి వదిలిన రాతి తోరణం అక్కడే ఉంది, దాని చుట్టూ పరుచుకున్న రాళ్లున్నాయి, ఆ రాళ్ల మధ్య నీళ్లు వచ్చి పోయే సందులున్నాయి. చూడ్డానికి బాగుండే తీరం వేరు, ఫొటో పడే తీరం వేరు అని నాకు మొదట అర్థమైంది అక్కడే.

సరే, ఆ తేడా ఎక్కడి నుంచి వస్తుందో చూద్దాం. మొదటిది రాయి. దాదాపు వెయ్యి కిలోమీటర్ల ఆంధ్ర తీరంలో ఎక్కువ భాగం ఇసుకా బురదా, అంతా నదులు తెచ్చి పోసిన మట్టి. తూర్పు కనుమలు సముద్రం దాకా నడిచి వచ్చి కాళ్లు తడుపుకునేది మాత్రం విశాఖ చుట్టుపక్కలే. అందుకే డాల్ఫిన్స్ నోస్, యారాడ కొండ, కైలాసగిరి అలా నీళ్ల అంచునే నిలబడి ఉంటాయి. ఆ కొండల్లో ఎక్కువగా ఉండేది ఖోండలైట్ అనే రాయి (కోందులనే గిరిజనుల పేరు మీదే పెట్టారు ఆ పేరు). చాలా పాతది, లోపల గార్నెట్ అనే ఎర్రటి ఖనిజం గింజలుంటాయి, గాలికీ ఉప్పుకీ అరిగి తుప్పు రంగులోకి మారుతుంది. తడిసినప్పుడు ఆ తుప్పు రంగు ఇంకా ముదురుతుంది. తెల్లవారుజామున నీలంగా ఉండే వెలుతురులో ఆ తడి రాయి పక్కన తెల్లటి నురగ పారుతుంటే రంగులు వాటంతటవే కుదిరిపోతాయి, తరవాత కంప్యూటర్ మీద మీరు పెద్దగా చేసే పనేమీ ఉండదు. దక్షిణాన అప్పికొండ, పూడిమడక, రేవుపోలవరం దాకా ఈ రాళ్లు అక్కడక్కడా కనిపిస్తూనే ఉంటాయి. అప్పికొండలో పాత శివాలయం, దాని దిగువన రాళ్లు, అవి దాటితే సముద్రం. ఇంత దగ్గరగా ఇవన్నీ కలిసి దొరికే చోట్లు తక్కువ.

భీమిలి రోడ్డులోనే ఎర్రమట్టి దిబ్బలు కూడా ఉన్నాయి. జియోలాజికల్ సర్వే ఆఫ్ ఇండియా వీటిని జాతీయ భూవారసత్వ స్థలంగా గుర్తించింది. సముద్రమట్టం పెరుగుతూ తగ్గుతూ ఉన్న వేల ఏళ్లలో గాలీ వానా పేర్చిన ఎర్ర ఇసుక, వాన నీళ్లు కోసిన లోయలు. ఇది బీచ్ కాదు కాబట్టి ఎక్కువ రాయను, కానీ అక్కడ ఫొటో తీయాలంటే సూర్యుడు తక్కువ ఎత్తులో ఉన్నప్పుడే వెళ్లండి, మధ్యాహ్నం నీడలు లేక ఆ లోయలన్నీ చదునుగా కనిపిస్తాయి. దయచేసి దిబ్బల అంచుల మీద ఎక్కకండి, ఒక్క అడుగుకి ఎంత మట్టి జారుతుందో చూస్తే మనసుకి కష్టంగా ఉంటుంది.

కాకినాడ దాటి కిందికి పోతే రాయి మాట మర్చిపోవచ్చు. గోదావరి, కృష్ణ డెల్టాల్లో తీరం పూర్తిగా చదును. అక్కడ ఫొటో లేదని కాదు, అక్కడ వెతకాల్సినవి వేరు. నదీ మొగలు (నది సముద్రంలో కలిసే చోట్లు), ఇసుక మేటలు, ఒడ్డుకి లాగిపెట్టిన పడవలు, తాటిచెట్లు, సరుగుడు తోటలు. బందరు దగ్గర మంగినపూడిలో ఇసుకకి బదులు నల్లమట్టి. చాలామంది ఆ రంగు చూసి ముఖం చిట్లిస్తారు గానీ, మబ్బు పట్టిన ఉదయాన ఆ నల్లటి తడి నేల మీద ఆకాశం పరుచుకున్నప్పుడు అక్కడ తీసే బ్లాక్ అండ్ వైట్ ఫొటోకి సాటి వచ్చేది వైజాగ్‌లో కూడా నాకు దొరకలేదు.

ఇప్పుడు అందరూ తేలిగ్గా తీసుకునే విషయం, నా దృష్టిలో అన్నిటికన్నా ముఖ్యమైనది: ఒడ్డు ఏ దిక్కుకి తిరిగి ఉంది? "మనది తూర్పు తీరం, కాబట్టి సూర్యుడు సముద్రంలోంచి ఎదురుగా ఉదయిస్తాడు" అని అనుకుంటాం. సగమే నిజం. విశాఖ దగ్గర తీరరేఖ నైరుతి నుంచి ఈశాన్యానికి వాలుగా పోతుంది. అంటే మీరు సముద్రం వైపు ముఖం పెట్టి నిలబడితే చూస్తున్నది తూర్పు కాదు, ఆగ్నేయం. ఇక సూర్యుడు ఏడాది పొడుగునా ఒకే చోట ఉదయించడు. మన అక్షాంశంలో జూన్ చివర్లో తూర్పుకి సుమారు 25 డిగ్రీలు ఉత్తరంగా, డిసెంబరు చివర్లో అంతే దక్షిణంగా ఉదయిస్తాడు, మొత్తం 50 డిగ్రీల తేడా. ఈ రెండూ కలిపి చూడండి. డిసెంబరులో విశాఖ ఒడ్డున సూర్యుడు దాదాపు ముందువైపు, కాస్త ఎడమగా నీళ్లలోంచి వస్తాడు. జూన్‌లో బాగా ఎడమకి జరిగిపోయి, భీమిలి వైపు ఒడ్డు పొడుగునా చూస్తే కనిపించే చోట ఉదయిస్తాడు.

దీంతో ఫొటో మొత్తం మారిపోతుంది. డిసెంబరులో ఎదురు వెలుతురు, అంటే పడవలూ మనుషులూ నల్లటి ఆకారాలుగా పడతారు, నీళ్ల మీద బంగారు దారి నేరుగా మీ కాళ్ల దాకా వస్తుంది. జూన్‌లో వెలుతురు పక్క నుంచి పడుతుంది, విరిగే ప్రతి కెరటం వీపు మీద వెలుగూ కడుపులో నీడా కనిపిస్తాయి, ఇసుకలో పాదముద్రలు కూడా లోతుగా తేలతాయి. తీరరేఖ వంపూ సూర్యుడూ ఒకే ఫ్రేములో కావాలంటే జూన్‌లో వెళ్లాలి. రాళ్ల వెనకాల నీళ్లలోంచి లేచే సూర్యుడు కావాలంటే డిసెంబరు, జనవరి. యారాడలో కొండ ఈశాన్యం వైపే ఉంది కాబట్టి దానికి మరీ దగ్గరగా నిలబడితే జూన్ సూర్యుడు నీళ్లలోంచి కాక కొండ భుజం మీదుగా వచ్చే అవకాశం ఎక్కువ. చలికాలంలో ఆ ఇబ్బంది ఉండదు. నెల్లూరు వైపు మైపాడు లాంటి చోట్ల తీరం దాదాపు ఉత్తర దక్షిణాలుగా ఉంటుంది కనుక మార్చి, సెప్టెంబరు చివరి వారాల్లో సూర్యుడు అచ్చంగా ఎదురుగా లేస్తాడు.

టైమ్ సంగతి కూడా ఇక్కడే చెప్పేస్తాను. విశాఖలో జూన్ నెలలో 5:25 ప్రాంతంలోనే సూర్యోదయం, జనవరిలో 6:30 అవుతుంది. అసలు రంగులు అంతకుముందు 20, 25 నిమిషాల్లోనే వచ్చి పోతాయి, మన దగ్గర సంధ్య చాలా త్వరగా ముగుస్తుంది. పైదేశాల ఫొటోగ్రాఫర్ల వీడియోలు చూసి "గోల్డెన్ అవర్ (సూర్యుడు కిందుగా ఉన్నప్పటి బంగారు వెలుతురు) గంట ఉంటుందిలే" అనుకుంటే నష్టపోతాం, వాళ్ల అక్షాంశాల్లో సూర్యుడు ఏటవాలుగా మెల్లగా లేస్తాడు, మనకి దాదాపు నిట్టనిలువుగా ఎక్కేస్తాడు. కాబట్టి సూర్యోదయానికి ముప్పావుగంట ముందే ట్రైపాడ్ నిలబెట్టి ఉండాలి.

మరి సూర్యాస్తమయం? సముద్రంలో అస్తమించే సూర్యుడు కావాలంటే గోవాకో గోకర్ణానికో పోవాలని అంటారు, చాలావరకు నిజమే. కానీ నీళ్ల మీద అస్తమయం మన దగ్గర లేదనుకోకండి. కోనసీమలోని అంతర్వేది వెళ్లండి. వశిష్ఠ గోదావరి ఎడమ గట్టున, నది సముద్రంలో కలిసే చోట ఉందది. అంటే నదికి తూర్పున మీరు, పడమర నర్సాపురం వైపు ఒడ్డు, మధ్యలో వెడల్పాటి మొగ. సాయంత్రం సూర్యుడు ఆ మొగ మీదుగా దిగుతాడు. అక్కడి అన్నాచెల్లెళ్ల గట్టు దగ్గర నది నీళ్లూ సముద్రపు నీళ్లూ రెండు రంగుల్లో కలవడం కనిపిస్తుంది, ముఖ్యంగా వానాకాలంలో గోదావరికి ఎర్రనీరు వచ్చాక. ఒకే ఊళ్లో పొద్దున సముద్రం మీద ఉదయం, సాయంత్రం నది మీద అస్తమయం. కోనసీమకి ఎవరు పోతున్నా నేను ముందు చెప్పేది ఇదే. శ్రీకాకుళం వైపు కళింగపట్నంలో వంశధార, బారువలో మహేంద్రతనయ, భీమిలిలో గోస్తనీ, ఇలా నది కలిసే ప్రతి చోటా కదలని నీళ్లు కొంత దొరుకుతాయి. కదలని నీళ్లంటే అద్దం అన్నమాట.

విశాఖలో సాయంత్రం ఎందుకూ పనికిరాదని కొందరు పొద్దున్నే ముగించి వెళ్లిపోతారు. అది పొరపాటు. కొండలు పడమట ఉండడం వల్ల ఒడ్డు మీద నీడ ముందే పడిపోతుంది, నిజమే. కానీ ఆ తరవాత సముద్రం వైపు, అంటే సూర్యుడికి ఎదురు దిక్కున, ఆకాశం అంచున ముదురు నీలం పట్టీ ఒకటి, దానిమీద గులాబీ రంగు పట్టీ ఒకటి లేస్తాయి. ఆ నీలం పట్టీ భూమి నీడే, గాలి మీద పడుతుంది. పది, పదిహేను నిమిషాలు ఉంటుంది. తడి రాళ్ల మీద ఆ గులాబీ పడినప్పుడు ఎక్కడా గట్టి నీడ ఉండదు, ఎక్స్‌పోజర్ (కెమెరాలోకి ఎంత వెలుతురు రానివ్వాలన్న లెక్క) తేలిక, ఫోన్‌లో కూడా బాగా వస్తుంది. పౌర్ణమికి ముందు రోజైతే ఇంకా మంచిది. ఆ రోజు సూర్యుడు అస్తమించకముందే చంద్రుడు సముద్రంలోంచి లేస్తాడు, ఒడ్డు మీద ఇంకా వెలుతురు ఉంటుంది కాబట్టి చంద్రుడూ రాళ్లూ రెండూ ఒకే ఎక్స్‌పోజర్‌లో సరిపోతాయి. పౌర్ణమి నాడే వెళ్తే చంద్రుడు వచ్చేసరికి కింద చీకటి పడడం మొదలవుతుంది. తూర్పు తీరానికి దక్కిన వరం ఇది, గోవా వాళ్లకి సాయంత్రం ఈ దృశ్యం సముద్రం మీద దొరకదు.

ఇక నీళ్ల సంగతి. ఆటుపోట్లు రోజుకి రెండుసార్లు వస్తాయి, ఒక పోటుకీ ఇంకో పోటుకీ మధ్య సుమారు 12 గంటల 25 నిమిషాలు, అందుకని రోజూ దాదాపు 50 నిమిషాలు ఆలస్యమవుతుంటాయి. అమావాస్య, పౌర్ణమి దాటిన ఒకటి రెండు రోజులకి పోటు పెద్దది, అష్టమి తరవాత చిన్నది. విశాఖ దగ్గర పెద్ద పోటు రోజుల్లో నీటిమట్టం సుమారు ఒకటిన్నర మీటరు ఎక్కి దిగుతుంది. గుజరాత్ తీరంతో పోలిస్తే ఇది చాలా తక్కువ, కానీ మంగమారిపేట లాంటి రాళ్ల ఒడ్డున మీటరంటే మాటలు కాదు. ఆటు టైమ్‌లో నాచు పట్టిన పచ్చటి బండలూ వాటి మధ్య చిన్న చిన్న మడుగులూ బయటపడతాయి, అదే చోట పోటు మీద వెళ్తే రాళ్ల తలకాయలు మాత్రమే ఉంటాయి. రెండూ ఫొటోలే, అయితే వేరు వేరు ఫొటోలు. షట్టర్ ఎక్కువసేపు తెరిచి ఉంచి పొగమంచులా నీళ్లు కావాలంటే రాళ్లు సగం మునిగి ఉండాలి. మడుగులో ఆకాశం కావాలంటే నీరు దిగి ఉండాలి.

ఏ రోజు ఏ టైమ్‌కి ఆటు వస్తుందో ఊహించక్కర్లేదు. హైదరాబాద్‌లోనే ఉన్న ఇన్‌కాయిస్ సంస్థ అలల అంచనాలూ పెద్ద కెరటాల హెచ్చరికలూ ఇస్తుంది, సర్వే ఆఫ్ ఇండియా ఏటా పోటు పట్టికలు వేస్తుంది, ఫోన్‌లో ఆ లెక్కలు చూపించే యాప్‌లు బోలెడు. సూర్యోదయానికి అటో ఇటో గంటలో ఆటు పడే రోజులు నెలలో కొన్నే ఉంటాయి. వాటిని క్యాలెండర్ మీద ముందే గుర్తు పెట్టుకుని, ఆ రోజులకి సెలవు చూసుకోవడం నా పద్ధతి. మూడేళ్ల క్రితం దాకా నేనిలా చేసేవాణ్ణి కాదు. ఒక రోజు మంగమారిపేటలో లోపలి బండ మీద నిలబడి వరసగా తీసుకుంటూ పోతున్నాను, వెనకాల వల బాగుచేసుకుంటున్న ఒక పెద్దాయన కేకేశాడు. "బాబూ, నీరెక్కుతోంది. ఇంకో గంటలో నువ్వు నిల్చున్న కాడ మొల్లోతుంటాది. ఇటొచ్చీ." సరే తాతా అని ఇంకో రెండు ఫొటోలు తీసి వచ్చేద్దామనుకున్నాను. ఆ రెండు ఫొటోల మధ్యలోనే ఒక పెద్ద కెరటం వచ్చి ట్రైపాడ్‌ని పడగొట్టింది, నేను కెమెరా పట్టీ పట్టుకున్నాను గానీ కాలు బండ మీద గీసుకుపోయింది. పెద్ద కెరటాలు ఒక్కొక్కటిగా రావు, గుంపుగా వస్తాయి. పది నిమిషాలు నెమ్మదిగా ఉన్నంత మాత్రాన అదే సముద్రం తీరు అనుకోకూడదు. అప్పటి నుంచి ఎక్కడికి వెళ్లినా మొదటి పావుగంట కెమెరా బ్యాగు తెరవను, ఊరికే చూస్తాను, అతి పెద్ద కెరటం తడి ఎంతదాకా వచ్చిందో చూసి దానికి వెనక నిలబడతాను.

ఒడ్డు వాలు కూడా చూసుకోవాలి, దీని గురించి మాట్లాడేవాళ్లు తక్కువ. సన్న ఇసుక ఉన్న చోట ఒడ్డు చదునుగా పరుచుకుంటుంది, కెరటం దూరంలోనే విరిగి పల్చటి నీటి పొరగా మీ దాకా వచ్చి నెమ్మదిగా వెనక్కి పోతుంది. ఆ పొర ఉన్న రెండు మూడు క్షణాలు ఆకాశం మొత్తం నేల మీద కనిపిస్తుంది. బాపట్ల దగ్గర సూర్యలంక ఇలాంటిదే, అక్కడ రాయి లేకపోయినా నేల మీది ఆకాశమే సబ్జెక్టు. కెమెరాని మోకాలి ఎత్తుకి దించండి, అద్దం ఇంకా పెద్దదవుతుంది. ముతక ఇసుక ఉన్న చోటా, కోత పడిన చోటా ఒడ్డు నిటారుగా ఉంటుంది. కెరటం కాళ్ల దగ్గరికి వచ్చి ఒక్కసారిగా విరుచుకుపడుతుంది. విశాఖ రామకృష్ణా బీచ్‌లో చాలా రోజులు ఇదే పరిస్థితి. అక్కడ అద్దం దొరకదు, దాని బదులు విరిగే కెరటం ఆకారాన్ని పట్టుకోవాలి, షట్టర్ వేగం 1/1000 సెకను దగ్గర. వెనక్కి పారే నురగ గీతలు కావాలంటే అర సెకను నుంచి ఒక సెకను, కెరటం వెనక్కి మళ్లడం మొదలైన క్షణంలో నొక్కాలి. 30 సెకన్లు పెడితే సముద్రం పాలపొంగులా అయిపోతుంది, ఒకటి రెండుసార్లు బాగుంటుంది, ప్రతిసారీ అదే చేస్తే ఏ ఊరి సముద్రమో చెప్పలేం. ఎన్‌డీ ఫిల్టర్ (లెన్స్‌లోకి వెలుతురు తగ్గించే నల్లటి అద్దం) ఒక్కటే కొనగలిగితే 6 స్టాప్‌ది కొనండి, ఇంకా ఎక్కువ వెలుతురు ఆపే 10 స్టాప్‌ది కాదు. దానికంటే ముందు పోలరైజర్ అనే ఫిల్టర్ ఉండాలి, తడి రాళ్ల మీది మెరుపు తగ్గించి అసలు రంగు బయటికి తెస్తుంది.

భీమిలి వైపు ఇసుకలో నల్లటి చారలు చూసే ఉంటారు. కాలుష్యం అనుకుంటారు చాలామంది. అది ఇల్మెనైట్, మధ్యలో ఎర్రగా కనిపించేది గార్నెట్, అదే ఖోండలైట్ కొండలు అరిగి కొట్టుకొచ్చిన బరువైన ఖనిజాలు. కెరటం తేలికైన ఇసుకని లాక్కుపోయి బరువైన వాటిని వదిలేస్తుంది, అలా చెట్టు కొమ్మల్లాగా, ఈకల్లాగా బొమ్మలు పడతాయి. పక్క నుంచి వెలుతురు పడుతున్నప్పుడు కిందికి చూసి తీయండి. సముద్రం బాగోలేని రోజున, ఆకాశం తెల్లగా చచ్చిపడి ఉన్న రోజున, ఈ ఇసుక బొమ్మలతోనే నేను చాలా ఉదయాలు గడిపాను.

ఆకాశం ఎప్పుడు బాగుంటుందంటే, అక్టోబరు నుంచి డిసెంబరు దాకా అని నా జవాబు. ఈశాన్య రుతుపవనాల మబ్బులు విడివిడిగా పొరలుగా వస్తాయి, వాన కురిసి వెలిసిన మర్నాడు గాలి కడిగినట్టు ఉంటుంది. అవే నెలలు తుఫాన్లవి కూడా. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ విశాఖ మీద ఎలా పడిందో చూసినవాళ్లం, 2018 అక్టోబరులో తిత్లీ శ్రీకాకుళం జిల్లా ఉద్దానాన్ని ఏం చేసిందో తెలుసు. అల్పపీడనం అన్న మాట వినపడితే ఒడ్డుకి వెళ్లే ఆలోచన మానుకోవాలి, ఏ ఫొటో అంత విలువైనది కాదు. జనవరిలో ఆకాశం తరచూ ఖాళీగా ఉంటుంది గానీ మంచు పల్చగా పడితే కొండలు ఒకదాని వెనక ఒకటి వెలిసిపోతూ కనిపిస్తాయి. ఫిబ్రవరి నుంచి ఏప్రిల్ దాకా విశాఖ దగ్గర నీళ్ల రంగు చాలా బాగుంటుంది. అవే నెలల్లో తెల్లవారుజామున పాలపుంత మధ్య భాగం ఆగ్నేయంలో లేస్తుంది, మన ఒడ్డు తిరిగి ఉన్నదీ అటే. అయితే ఊరి దీపాలకి దూరంగా, శ్రీకాకుళం తీరం లాంటి చోటికి పోవాలి. మే నెలంతా తెల్లటి ఉక్క, ఆకాశం మీద ఆశ పెట్టుకోకండి. కానీ ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా చేపల వేట నిషేధం కాబట్టి మర పడవలన్నీ ఒడ్డునే ఉంటాయి, వాటి రంగులు, పేర్లు, ముందు భాగాన గీసిన బొమ్మలు, అప్పుడు తీరిగ్గా చూడొచ్చు.

ఇల్లు కదలకుండా చేయగలిగే పని కూడా ఉంది. శాటిలైట్ మ్యాప్ తెరిచి తీరం వెంబడి నెమ్మదిగా జరపండి. నీళ్ల అంచున ముదురు మచ్చలు కనిపిస్తే రాళ్లు. తెల్లటి గీతలు ఒడ్డుకి దూరంగా వరసలుగా ఉంటే చదును ఒడ్డు, ఒడ్డుకి అంటుకుని ఒక్కటే గీత ఉంటే నిటారు. పాత సంవత్సరాల చిత్రాలు కూడా గూగుల్ ఎర్త్‌లో చూడొచ్చు, అవి తప్పకుండా చూడండి, ఎందుకంటే మన తీరం నిలకడగా ఉండేది కాదు. విశాఖలో 1976లో ఔటర్ హార్బర్ వచ్చాక దాని గోడలు ఉత్తరానికి నడిచే ఇసుకని ఆపేశాయి, అందుకే పోర్టు వాళ్లు ఆ ఇసుక తవ్వి రామకృష్ణా బీచ్ వైపు పోస్తుంటారు. ఉప్పాడలో ఇళ్లూ రోడ్డూ సముద్రంలో కలిసిపోతున్నాయి. పదేళ్ల క్రితం ఫొటో చూసి ఆ చెట్టు కోసం వెళ్తే అక్కడ చెట్టూ ఉండదు, ఆ నేలా ఉండదు. అలాగే కొత్తవీ వస్తాయి. 2020 అక్టోబరులో బంగ్లాదేశ్ నౌక ఒకటి తెన్నేటి పార్కు దగ్గర రాళ్ల మీదికి కొట్టుకొచ్చి ఆగిపోయినప్పుడు విశాఖలో కెమెరా ఉన్న ప్రతివాళ్లూ అక్కడే కనిపించారు.

డ్రోన్ ఎగరేద్దాం అనుకునేవాళ్లు ముందు డిజిటల్ స్కై మ్యాప్ (డ్రోన్ ఎక్కడ ఎగరేయొచ్చో చూపించే ప్రభుత్వ మ్యాప్) చూడాలి. విశాఖ నౌకాదళ కేంద్రం, సూర్యలంక దగ్గర వైమానిక దళం ఉంది, "చిన్న డ్రోనే కదా" అన్న మాట అక్కడ చెల్లదు. జనవరి నుంచి ఏప్రిల్ దాకా ఆలివ్ రిడ్లీ తాబేళ్లు గుడ్లు పెట్టడానికి రాత్రిపూట ఒడ్డుకి వస్తాయి. ఆ నెలల్లో చీకట్లో టార్చి ఊపుకుంటూ నడవకండి, ఫ్లాష్ అసలే వద్దు, వెలుతురు చూస్తే తల్లి తాబేలు గుడ్లు పెట్టకుండానే వెనక్కి పోతుంది. ఇక మత్స్యకారుల ఫొటోలు. అలివి వల లాగుతున్నప్పుడు తీసిన ఫొటోలు ఎంత బాగుంటాయో నాకు తెలుసు, కానీ అది వాళ్ల పని, ఒక్కోసారి చేప పడని రోజు. ముందు కెమెరా దించి పలకరించండి, బాబాయ్ తీసుకోనా అని అడగండి. నేను అడిగినప్పుడు వద్దన్నవాళ్లు ఇద్దరో ముగ్గురో. ఫొటో ప్రింట్ వేయించి మళ్లీ వెళ్లి ఇచ్చినప్పుడు మాత్రం వద్దన్నవాళ్లు ఎవరూ లేరు, ఆ తరవాత ఏ రోజు ఏ రాయి దగ్గర నీళ్లు ఎలా ఉంటాయో వాళ్లే ఫోన్ చేసి చెప్పేవారు. ఏ యాప్ కూడా ఆ మాట చెప్పదు.

అందుకే, కొత్తగా మొదలుపెట్టేవాళ్లు పది బీచ్‌లు తిరగకండి, ఒక్కటి పట్టుకోండి అంటాను. భీమిలి రోడ్డులో నేను ఎప్పుడూ వెళ్లే చోటు ఒకటుంది, అక్కడ మూడు రాళ్లు వరసగా ఉంటాయి. నైరుతి రుతుపవనాల కాలంలో సముద్రం ఇసుకని లాగేసినప్పుడు మూడూ నడుము దాకా బయటపడతాయి. చలికాలానికి ఇసుక తిరిగొచ్చి కప్పేస్తుంది. మొదటిసారి జనవరిలో వెళ్లినప్పుడు నాకు కనిపించింది ఒక్క రాయే, ఇక్కడేమీ లేదులే అని వెనక్కి వచ్చేశాను. ఆగస్టులో వేరే పని మీద అటు పోతూ ఆగితే మూడు రాళ్లు, వాటి మధ్య నురగ, పైన నల్లమబ్బు. ఆ రోజు బ్యాగులో కెమెరా లేదు, ఫోన్‌తోనే తీశాను. ఇప్పటికీ నా గోడ మీద ఉన్నది ఆ ఫొటోనే.